స్లాబ్ పోయకముందే డేటా కుదరాలి: నిర్మాణ ప్రాజెక్టులో ఏఐని వాడుకునే పద్ధతి

హైదరాబాద్‌లో ఇప్పుడు ఓ మోస్తరు బిల్డర్ ఆఫీసులో కూడా ఏఐ మాట వినబడుతోంది. డ్రాయింగులు చదివి జవాబు చెప్పే టూలు కావాలి, ఫోటో చూసి పని ఎంతైందో చెప్పేది కావాలి అని అడుగుతున్నారు. అడగడంలో తప్పేమీ లేదు. కానీ ఆర్కిటెక్టు దగ్గర డ్రాయింగు ఒక రివిజన్ (సవరించిన కాపీ), స్ట్రక్చరల్ కన్సల్టెంట్ దగ్గర ఇంకోటి, సైట్ ఇంజినీరు ఫోన్లో మూడోది ఉన్న ప్రాజెక్టులో ఏ టూలు కొన్నా అది ఆ మూడింటినీ కలగలిపి తప్పు జవాబు చెబుతుంది. అదీ తడుముకోకుండా చెబుతుంది. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం ఏఐకి ముందు చేయాల్సిన పని గురించే రాస్తున్నాం.

ఉదాహరణకి నార్సింగి, కోకాపేట వైపు లేచే తరహా టవర్ ఒకటి అనుకుందాం. రెండు సెల్లార్లు, స్టిల్ట్ (పార్కింగ్‌కి వదిలే గోడల్లేని అంతస్తు), పైన 15 అంతస్తులు, అల్యూమినియం ఫార్మ్‌వర్క్ (కాంక్రీటు పోసే అచ్చులు), అంటే సైట్ భాషలో మైవాన్. స్టిల్ట్ ప్లస్ ఐదు అపార్ట్‌మెంటుకైనా పద్ధతి ఇదే, ఫైళ్లు తక్కువ ఉంటాయంతే.

ముందు ఒక్క ప్రశ్న తేల్చుకోండి

"ఏఐ పెడదాం" అనుకుని మొదలుపెడితే ఎటూ తేలదు. డబ్బు ఎక్కడ పోతోందో చూసి ఒక్క ప్రశ్న పట్టుకోండి. మైవాన్ టవర్లలో అలాంటిది ఒకటి దాదాపు ప్రతి సైట్లోనూ ఉంటుంది: "ఈ స్లాబ్‌కి చెల్లే డ్రాయింగ్ ఏది, అందులోని స్లీవ్‌లన్నీ పెట్టారా?" స్లీవ్ అంటే పైపు వెళ్లడానికి కాంక్రీటులో ముందే పెట్టే గొట్టం. మైవాన్‌లో గోడలు కూడా కాంక్రీటే కాబట్టి ఒక డ్రైనేజీ స్లీవ్ మర్చిపోతే ఇటుక గోడలా పగలగొట్టి సర్దుకోవడం కుదరదు. కోర్ కటింగ్, అంటే యంత్రంతో గుండ్రటి రంధ్రం కోయడం, చేయాలి. ఆ చోట షియర్ వాల్ (గాలి, భూకంప బలాల్ని తట్టుకునే గోడ) కడ్డీలు ఉంటే స్ట్రక్చరల్ కన్సల్టెంట్ అనుమతి తీసుకోవాలి, ఈలోగా కింది ఫ్లాట్ వాటర్‌ప్రూఫింగ్ ఆగిపోతుంది. ఈ ఒక్క ప్రశ్నకి నమ్మదగిన జవాబు రావాలంటే ఎవరెవరు ఏ డేటా ఇవ్వాలో రాసుకుంటూ పోతే మీ డేటా ప్రణాళిక దాదాపు తయారైనట్టే.

నాలుగు ఫోల్డర్లు, ఒక కాపలాదారు

ఐఎస్‌ఓ 19650 అనే ప్రమాణం (మొదటి రెండు భాగాలు 2018లో వచ్చాయి) ఫైళ్లకి నాలుగు స్థితులు చెబుతుంది: పని జరుగుతున్నవి, పంచుకున్నవి, ఆమోదించి విడుదల చేసినవి, పాతవిగా భద్రపరిచినవి. ఖరీదైన సాఫ్ట్‌వేర్ లేకపోయినా మామూలు క్లౌడ్ డ్రైవ్‌లో నాలుగు ఫోల్డర్లు చేసి ఈ క్రమాన్ని పాటించవచ్చు. అసలు విషయం అనుమతుల్లో ఉంది. మొదటి ఫోల్డర్‌ని ఆ కన్సల్టెంట్ ఆఫీసు తప్ప ఎవరూ చూడకూడదు. రెండోది అందరూ చూడొచ్చు, మార్చకూడదు. మూడోదాంట్లోకి ఫైలు పెట్టే హక్కు ఒక్క మనిషికే ఉండాలి. అతను సెలవు పెట్టినప్పుడు ఆ పని చూసే రెండో మనిషి పేరు కూడా ముందే రాసి పెట్టండి. లేకపోతే అతను సెలవు పెట్టిన మొదటి రోజే డ్రాయింగ్ వాట్సాప్‌లో వెళ్తుంది, అక్కడితో పద్ధతి పోతుంది.

ఫైలు పేరులో ప్రాజెక్టు, ఇచ్చిన సంస్థ, టవర్, లెవెల్, ఫైలు రకం, విభాగం, సంఖ్య ఇదే వరుసలో ఉండాలి. రివిజన్‌కి సమన్వయ దశలో పీ01, పీ02 అని, నిర్మాణానికి విడుదలైతే సీ01 అని వాడండి. "ఫైనల్", "ఫైనల్ న్యూ", "లేటెస్ట్" అనే మాటలు ఫైలు పేర్లలో నిషేధించండి. పాత రివిజన్‌ని తుడిచేయొద్దు. నాలుగో ఫోల్డర్‌లోకి జరపండి, రేపు ఎక్స్‌ట్రా ఐటమ్ క్లెయిమ్ వస్తే అదే సాక్ష్యం.

ఇప్పుడు ఏఐ సంగతి. డ్రాయింగులు వెతికే టూలుకి మూడో ఫోల్డర్ మాత్రమే చూపండి. ఇలాంటి టూల్స్ చాలావరకు మీ ప్రశ్నలోని మాటలకి దగ్గరగా ఉన్న పేజీలను ఏరి తెచ్చి, వాటిని చదివి జవాబు రాస్తాయి. ఒకే బీమ్ పీ02లో 230 మి.మీ. వెడల్పు, సీ01లో 300 మి.మీ. ఉంటే, టూలుకి రెండూ ఒకేలా కనబడతాయి. ఏది చెల్లుతుందో అది తేల్చలేదు, మీరే ఫోల్డర్‌తో తేల్చి ఇవ్వాలి.

సైట్‌కి ఫైలు పంపకుండా లింకు పంపడం అలవాటు చేయండి. ప్రింటు తీస్తే టైటిల్ బ్లాక్‌లో క్యూఆర్ కోడ్ ఉండాలి. ఫోన్‌తో స్కాన్ చేస్తే ఆ షీటు ఇంకా చెల్లుతుందో లేదో తెలియాలి. సెంట్రింగ్ మేస్త్రీకి ఇచ్చే కాగితానికి కూడా ఇదే నియమం.

లెవెల్ పేర్ల పట్టిక

చిన్న విషయంలా కనబడి పెద్ద నష్టం తెచ్చేది ఇదే. స్టిల్ట్ మీద పడే స్లాబ్‌ని ఆర్కిటెక్టు "ఫస్ట్ ఫ్లోర్" అంటాడు, ఎందుకంటే అది ఆయనకి మొదటి అంతస్తు నేల. సైట్లో అదే "స్టిల్ట్ స్లాబ్". సెల్లార్ల నుంచి లెక్కపెట్టే కాంట్రాక్టర్ బిల్లులో అది "మూడో స్లాబ్". స్ట్రక్చరల్ మోడల్లో (కంప్యూటర్లో గీసిన భవనం త్రీడీ రూపంలో) "స్టోరీ 3" అని ఉండొచ్చు. "ఫస్ట్ ఫ్లోర్ స్లాబ్ స్టీలు ఎంత?" అని ఏఐని అడిగితే ఈ నాలుగింట్లో ఏది పట్టుకుంటుందో చెప్పలేం.

ప్రాజెక్టు మొదటి వారంలోనే ఒక పేజీ పట్టిక చేయండి. ప్రతి లెవెల్‌కి ఒక కోడ్, పూర్తయిన నేల ఎత్తు, స్ట్రక్చరల్ స్లాబ్ పైభాగం ఎత్తు, నలుగురూ వాడే పేర్లు అందులో ఉండాలి. అందరి మోడళ్లలోనూ ఆ కోడ్ ఒక్కటే వాడాలి. ఈ పట్టికని ఏఐ టూలుకి మొదటి డాక్యుమెంటుగా ఇవ్వండి.

కొలతలు, మూలబిందువు

హైదరాబాద్ యూటీఎం (భూమిని జోన్లుగా విడదీసి మీటర్లలో కొలిచే పద్ధతి) 44వ జోన్‌లో ఉంది. 78 డిగ్రీల రేఖాంశం దాటి పడమరకి, జహీరాబాద్ వైపు వెళ్తే 43వ జోన్ మొదలవుతుంది. సర్వేయర్ ఇచ్చే ఫైల్లో తూర్పు రెండు లక్షల చిల్లర మీటర్లు, ఉత్తరం 19 లక్షల చిల్లర మీటర్లు ఉంటాయి. ఆ ఫైలుని అలాగే రెవిట్ (భవనం మోడల్ గీసే సాఫ్ట్‌వేర్) లోకి దింపితే చిక్కే. రెవిట్‌లో లోపలి మూలబిందువు నుంచి సుమారు 16 కిలోమీటర్ల పరిధి దాటిన జ్యామితి నమ్మకంగా ఉండదు. గీతలు వణుకుతాయి, డైమెన్షన్లు తేడా వస్తాయి. మోడల్‌ని మూలబిందువు దగ్గరే ఉంచి, ఒక గ్రిడ్ కలయిక (కాలమ్‌ల వరుస గీతలు కలిసే చోటు), ఉదాహరణకి ఏ–1, అసలు కోఆర్డినేట్ ఎంతో షేర్డ్ కోఆర్డినేట్లలో రాయండి. మిగతా కన్సల్టెంట్లు ఆర్కిటెక్టు మోడల్ నుంచే ఆ సెట్టింగు తీసుకోవాలి, ఎవరికి వారు టైపు చేయకూడదు.

ఇంకో ఉచ్చు అడుగుల్లో ఉంది. సాఫ్ట్‌వేర్లలో అంతర్జాతీయ అడుగు, అమెరికన్ సర్వే అడుగు అని రెండు ఉంటాయి. తేడా పది లక్షల్లో రెండు వంతులే కానీ 19 లక్షల మీటర్ల ఉత్తర కోఆర్డినేట్ మీద అది దాదాపు 3.8 మీటర్లు అవుతుంది. చిన్న అపార్ట్‌మెంటుకైతే ఒక పక్క సెట్‌బ్యాక్ (హద్దు నుంచి వదలాల్సిన ఖాళీ) మొత్తం అందులో కొట్టుకుపోగలదు. అందుకే కోఆర్డినేట్లు మీటర్లలోనే ఇచ్చిపుచ్చుకోండి. గజాలు, గుంటలు అమ్మకపు కాగితాల వరకే: గజం 9 చదరపు అడుగులు, గుంట 121 గజాలు, ఎకరా 4,840 గజాలు. డేటాలోకి చదరపు మీటర్లుగానే వెళ్లాలి.

పరీక్ష తేలిక. ప్రతి కొత్త ఫైల్లో మూడు మూలల కోఆర్డినేట్లు, రెండు కాలమ్‌ల మధ్య దూరం చూడండి. నాలుగూ కలిస్తేనే రెండో ఫోల్డర్‌లోకి రానివ్వండి.

మోడల్ ఇచ్చిపుచ్చుకోవడం

ఒకరు రెవిట్, ఒకరు టెక్లా, ఒకరు వట్టి ఆటోక్యాడ్ వాడుతుంటే మధ్యలో ఐఎఫ్‌సీ ఫార్మాట్ (వేర్వేరు సాఫ్ట్‌వేర్లు చదవగలిగే మోడల్ ఫైలు) పెట్టుకోవాలి. వెర్షన్ ఏదో ముందే రాసుకోండి. పాత 2×3 అయినా 4 అయినా సరే, అందరిదీ ఒకటే కావాలి. ఎగుమతి చేశాక ఉచిత వ్యూయర్‌లో తెరిచి, "ప్రాక్సీ" (రకం తెలియనివి) అనే తరగతి కింద ఎన్ని వస్తువులు పడ్డాయో చూడండి. ఫ్యామిలీ (వస్తువు రకం) సరిగ్గా పెట్టకుండా గీసిన లాఫ్ట్‌లు, సన్‌షేడ్‌లు, స్లీవ్‌లు ఎక్కువగా అక్కడే తేలతాయి. స్లీవ్ ప్రాక్సీగా వస్తే అది స్లీవ్ అని ఏ టూలుకీ తెలియదు, లెక్కలో రాదు.

ప్రతి వస్తువుకి అరవై ఫీల్డులు అడిగే పత్రాలు కనబడుతుంటాయి. వాటిని ఎవరూ నింపరు. స్లీవ్ ప్రశ్నకి కావాల్సినవి ఎనిమిదే: గుర్తింపు సంఖ్య, లెవెల్ కోడ్, దగ్గరి గ్రిడ్, వ్యాసం, కిందిభాగం ఎత్తు, ఏ సర్వీసు, ఏ గోడ లేదా బీమ్, స్ట్రక్చరల్ ఆమోదం ఉందా లేదా. ఇలాంటి కోరికని ఐడీఎస్ అనే ఫైలుగా రాసి పెడితే, వచ్చిన మోడల్లో ఆ ఎనిమిదీ ఉన్నాయో లేదో యంత్రమే తనిఖీ చేస్తుంది. బిల్డింగ్‌స్మార్ట్ సంస్థ దీన్ని 2024లో ప్రమాణంగా విడుదల చేసింది. డ్రాఫ్ట్స్‌మన్‌కి ఒక మాట తప్పకుండా చెప్పండి: స్లీవ్ జరపాలంటే జరపండి, చెరిపి మళ్లీ గీయొద్దు. చెరిపితే దాని అంతర్గత గుర్తింపు మారిపోతుంది, పోయిన వారం పెట్టిన ఆమోదం, కామెంట్లు దాని నుంచి తెగిపోతాయి.

క్లాష్ తనిఖీలో (పైపు, బీమ్ లాంటివి ఒకే చోట ఢీకొంటున్నాయేమో చూడటంలో) మొదట స్ట్రక్చర్‌తో డ్రైనేజీని పోల్చండి. డ్రైనేజీ వాలు మీద నడవాలి కాబట్టి దాన్ని ఇష్టమొచ్చినట్టు పైకి కిందికి జరపలేం. కేబుల్ ట్రేలు, డక్టులు ఆ తర్వాత సర్దుకుంటాయి. 25 మి.మీ. సహనపరిమితితో, అంటే అంతకంటే తక్కువ ఢీని వదిలేసి, మొదలుపెట్టండి. సున్నా పెడితే వేలల్లో క్లాష్‌లు వచ్చి ఎవరూ చూడరు. ఒకే రకం క్లాష్‌లను గుంపులు చేయడానికి ఏఐ నిజంగా పనికొస్తుంది: "15 అంతస్తుల్లోనూ ఇదే టాయిలెట్ షాఫ్ట్, ఇదే బీమ్" అని ఒక్క సమస్యగా చూపిస్తే మీటింగు గంటలో తేలుతుంది.

పీడీఎఫ్‌ని ఏఐ చదవగలిగేలా ఇవ్వడం

ఆటోక్యాడ్‌లో ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంట్‌తో రాసిన అక్షరాలు పీడీఎఫ్‌లోకి వచ్చేసరికి వట్టి గీతలైపోతాయి. కంటికి అక్షరాల్లాగే ఉంటాయి, వెతికితే దొరకవు. టెంప్లేట్‌లో ట్రూటైప్ ఫాంట్ పెట్టించండి, సగం సమస్య అక్కడే తీరుతుంది. పరీక్షించాలంటే పీడీఎఫ్‌లో ఒక కాలమ్ పేరు వెతికి చూడండి.

స్కాన్ కాపీలే ఉంటే ఇంకో జాగ్రత్త. ఏ1 షీటుని 300 డీపీఐలో స్కాన్ చేస్తే సుమారు 9,900 బై 7,000 పిక్సెళ్లు వస్తాయి. చాలా ఏఐ మోడళ్లు అంత బొమ్మని లోపల చిన్నది చేసుకునే చదువుతాయి. అప్పుడు 8 అన్నది 6లా, 3లా కనబడుతుంది. షీటుని ఆరు లేదా ఎనిమిది ముక్కలు చేసి, అంచులు కొంచెం ఒకదాని మీద ఒకటి వచ్చేలా ఇవ్వండి.

బార్ బెండింగ్ షెడ్యూల్ (కడ్డీల కొలతల పట్టిక) చదివిస్తే తూకం మీరు మళ్లీ కట్టాలి. వ్యాసం వర్గాన్ని 162తో భాగిస్తే మీటరుకి కిలోలు: 12 మి.మీ. కడ్డీ 0.889, 16 మి.మీ. కడ్డీ 1.58. ఏఐ ఇచ్చిన పొడవు, సంఖ్య, తూకం ఈ సూత్రంతో కలవకపోతే వరుస తప్పుగా చదివిందని అర్థం.

మోడల్ పరిమాణానికీ ఆర్‌ఏ బిల్లు (జరిగిన పనికి మధ్యమధ్య ఇచ్చే బిల్లు) పరిమాణానికీ తేడా వస్తే వెంటనే ఎవరినీ అనుమానించకండి. మోడల్ నికర పరిమాణం ఇస్తుంది. భారత ప్రమాణం ఐఎస్ 1200 కొలత పద్ధతిలో కాంక్రీటులో 0.1 చదరపు మీటరు వరకు ఉన్న రంధ్రాలకీ, ప్లాస్టరింగులో 0.5 చదరపు మీటరు వరకు ఉన్న వాటికీ తగ్గింపు ఉండదు. ఈ నియమాలు ఏఐకి చెప్పకుండా పోల్చమంటే లేని గొడవ సృష్టిస్తుంది.

తెలుగు దస్తావేజులది వేరే బాధ. అను ఫాంట్లలో టైపు చేసిన లింకు డాక్యుమెంట్లు, ఒప్పందాలు కాపీ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి, ఎందుకంటే అవి యూనికోడ్ కాదు. ఆ గుర్తులు చూసి ఏఐ ఏదో ఒక అర్థం అల్లేస్తుంది. ముందు కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చండి, లేదా పేజీని బొమ్మగా చేసి తెలుగు ఓసీఆర్‌తో (బొమ్మలోని అక్షరాలు గుర్తించే సాఫ్ట్‌వేర్‌తో) చదివించండి. సర్వే నంబర్లు, హద్దులు మాత్రం మనిషే సరిచూడాలి.

సైట్ నుంచి వచ్చే డేటా

వాట్సాప్‌లో ఫోటోగా పంపితే నాణ్యత తగ్గుతుంది, తీసిన సమయం, చోటు చెప్పే సమాచారం కూడా ఊడిపోతుంది. డాక్యుమెంటుగా పంపమనండి, లేదా నేరుగా ఫోల్డర్‌లోకి ఎక్కించే యాప్ వాడండి. ప్రతి అంతస్తుకి ఫోటో తీసే చోట్లు నేల మీద పెయింటుతో గుర్తుపెట్టి, ఎప్పుడూ అవే చోట్ల నుంచి, అదే వైపు తీయాలి. చోటు మారితే పురోగతి పోల్చడం కుదరదు.

స్లాబ్ పోయడానికి 48 గంటల ముందు స్లీవ్ పని ఇలా సాగాలి. మోడల్ నుంచి ఆ లెవెల్ స్లీవ్ జాబితా తీయండి. ప్రతి గోడ ముక్కకి గ్రిడ్ పలక, టేపు కనబడేలా ఒక ఫోటో తీయించండి. ఏఐతో ఫోటోలో స్లీవ్‌లు లెక్కించి జాబితాతో పోల్చండి. తేడా వచ్చిన గోడలకి ముందు మనిషిని పంపండి. లెక్క సరిపోయిన గోడల్ని కూడా ఇంజినీరు టేపుతో చూడాలి, ఎందుకంటే నాలుగు స్లీవ్‌లూ ఉండి ఒకటి 150 మి.మీ. పక్కకి ఉండొచ్చు, ఫోటో లెక్క దాన్ని పట్టదు. పోర్ కార్డు (కాంక్రీటు పోయడానికి అనుమతి కాగితం) మీద సంతకం మనిషిదే.

మేస్త్రీలు, సూపర్‌వైజర్లు వాయిస్ మెసేజ్‌లతో రోజువారీ రిపోర్టు ఇస్తే ఎక్కువ సమాచారం వస్తుంది, ఇది మంచి పద్ధతి. తెలుగు, హిందీ కలిసిన మాటని అక్షరాల్లోకి మార్చేటప్పుడు అంకెలు తప్పుతాయి. "డెబ్భై", "తొంభై" సైట్ హోరులో ఒకటే. అందుకని అంకెలు మాత్రం విడిగా టైపు చేయించండి. డీషటరింగ్, చిప్పింగ్, హనీకోంబ్, కవర్ బ్లాక్ లాంటి యాభై మాటల జాబితా టూలుకి ముందే ఇస్తే మిగతాది బాగానే వస్తుంది.

నియమం స్పష్టంగా ఉన్నచోట ఏఐ అక్కర్లేదు. ఐఎస్ 456 (కాంక్రీటు ప్రమాణం) ప్రకారం 31 నుంచి 50 క్యూబిక్ మీటర్ల కాంక్రీటుకి నాలుగు శాంపిళ్లు, ఆపైన ప్రతి 50కి లేదా అందులో భాగానికి ఒకటి. 180 క్యూబిక్ మీటర్ల స్లాబ్‌కి ఏడు శాంపిళ్లు, ఒక్కోదానికి మూడు క్యూబులు. ఇది ఎక్సెల్ సూత్రం, అక్కడే ఉంచండి.

టూలుని నమ్మేముందు పరీక్ష

జవాబులు మీకు ముందే తెలిసిన ముప్పై ప్రశ్నలు రాయండి. అందులో ఐదింటికి డ్రాయింగుల్లో జవాబే ఉండకూడదు. ప్రతి జవాబుకి షీటు సంఖ్య, రివిజన్, గ్రిడ్ చెప్పమనండి, కనబడకపోతే "కనబడలేదు" అనే రాయమనండి. లేని ఐదింటికి కూడా జవాబు కల్పిస్తే ఆ టూలు సైట్‌కి పనికిరాదు. కోడ్ క్లాజ్ నంబర్లు అడిగినప్పుడు ఈ కల్పన ఎక్కువగా జరుగుతుంది, పుస్తకం తెరిచి చూడకుండా ఏ క్లాజూ లెటర్లో పెట్టకండి. స్టీలు, కాంక్రీటు గ్రేడు, ఎత్తుల ప్రశ్నల్లో ఒక్కటి తప్పినా ఆ రకం ప్రశ్నలకి వాడకం ఆపి, కారణం వెతకండి. చాలాసార్లు కారణం ఫోల్డర్‌లో మిగిలిపోయిన పాత షీటే.

ఒప్పందంలో రాయాల్సినవి

వేరేగా రాసుకోకపోతే డ్రాయింగు మీద కాపీరైటు ఆర్కిటెక్టుదే, ఫీజు కట్టినంత మాత్రాన బిల్డర్‌కి రాదు. కాబట్టి మోడల్‌ని ఏఐ టూలుకి ఎక్కించాలంటే రాతపూర్వక అనుమతి కావాలి: ఏ పనికి, ఏ టూలులో, ఎంతకాలం. ఆ డేటాతో టూలు కంపెనీ తన మోడల్‌కి శిక్షణ ఇవ్వకూడదని కూడా రాయించండి. ఉచిత ఖాతాల్లో చాలావాటికి ఆ అనుమతి ముందుగానే ఆన్‌లో ఉంటుంది, సెట్టింగుల్లో చూడండి. ఐఎఫ్‌సీకీ పీడీఎఫ్‌కీ తేడా వస్తే ఏది చెల్లుతుందో ఒక్క వాక్యంలో తేల్చండి.

కూలీల ఆధార్ కాపీలు, హాజరు కోసం తీసిన ముఖాల ఫోటోలు, ఫ్లాట్లు కొన్నవారి ఫోన్ నంబర్లు డ్రాయింగుల ఫోల్డర్‌లో అసలు ఉండకూడదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పరిధిలోకి ఇవి వస్తాయి. భద్రతా కెమెరాలతో హెల్మెట్ తనిఖీ చేస్తుంటే ఆ సంగతి కూలీలకి వాళ్ల భాషలో చెప్పాలి. ఒడియా, హిందీ బోర్డులు కూడా పెట్టండి.

అనుమతి పొందిన ప్లాను సెట్‌ని విడిగా, ఎవరూ ముట్టకుండా తాళం వేసి ఉంచండి. సెట్‌బ్యాకులకి ఆధారం 2012 నాటి భవన నిర్మాణ నియమాల జీవో 168, దాని తర్వాతి సవరణలు. ప్రతి కొత్త సీ రివిజన్‌ని ఆ సెట్‌తో పోల్చి తేడాలు చూపమని ఏఐకి చెప్పొచ్చు, ఇందులో అది బాగా సాయపడుతుంది. తేడా లేఅవుట్‌ని, ఉమ్మడి స్థలాలని తాకితే రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం కొనుగోలుదారుల్లో మూడింట రెండొంతుల మంది రాతపూర్వక సమ్మతి కావాలి. ఆ సంగతి స్లాబ్ పడ్డాక తెలిస్తే లాభం లేదు.

అప్పగింతప్పుడు అసోసియేషన్‌కి యాజ్‌బిల్ట్ (కట్టింది కట్టినట్టు చూపే) ఐఎఫ్‌సీ, వెతకగలిగే పీడీఎఫ్‌లు, లెవెల్ పట్టిక, పంపులు, లిఫ్టుల వారంటీల జాబితా ఎక్సెల్‌లో ఇవ్వండి. ఇచ్చేముందు ఆ ప్రాజెక్టు సాఫ్ట్‌వేర్ ఏదీ లేని లాప్‌టాప్‌లో అన్నీ తెరిచి చూడండి. తర్వాత కాంట్రాక్టర్ల లాగిన్లు మూసేసి, ఏఐ టూలులో ఎక్కించినవన్నీ తొలగించినట్టు ఆ కంపెనీ నుంచి మెయిల్ తీసుకుని నాలుగో ఫోల్డర్‌లో పెట్టండి.